కదిలే ఇంటిలో కదలని తలుపు

గడప దాటని మనిషిని గురించి 'ఇల్లు కదలనివాడు' అని మనం చెప్పుకుంటాం. ఇప్పుడు మనిషి కదలటమే కాదు, ఇల్లే కదిలి వెళ్ళే కాలం వచ్చినది. ఒక పెద్ద మోటారు వాహనంలోనే పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానపు గది, వాటితో పాటు ఒక ఫ్రిజ్ అమర్చుకొని కుటుంబాలు దేశాలు చూడబోతున్నవి. దీనిని మనవారు కారవాన్ అంటున్నారు. తెలుగువారికి ఇట్టి వాహనం బొత్తిగా కొత్తది కాదు. 1982 లో ఎన్. టి. రామారావు గారు ఒక షెవర్లే వాహనాన్ని మార్పించుకొని, చైతన్యరథమని పేరు పెట్టి, ప్రయాణమూ ప్రసంగమూ విశ్రాంతీ దానితోనే సాగించి ఊరూరా తిరిగిన సంగతి పెద్దలందరికీ జ్ఞాపకమే. సినిమా నటుల కారవాన్లు సరేసరి.

నేడు ఈ వాహనం సామాన్య కుటుంబాల దాకా వచ్చినది. ముస్తాబాదు, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుండి అమెరికా వెళ్ళి స్థిరపడిన పిల్లలు వేసవి సెలవులలో ఇట్టి వాహనాన్ని అద్దెకు తీసుకొని, ఎల్లోస్టోన్ వంటి వనాలు చూడబోతారు. చూచి పోవటానికి ఇక్కడి నుండి వెళ్ళిన తలిదండ్రులను కూడా వెంట తీసుకొని పోతారు. అమ్మ పెరుగు తోడు పెడుతుంది, పప్పు వండి గిన్నెకెత్తుతుంది, పచ్చడి సీసా సర్దుతుంది. అదంతా ఫ్రిజ్‌లోకి చేరుతుంది. బండి బయలుదేరుతుంది. మొదటి పెద్ద మలుపులో ఫ్రిజ్ తలుపు తనంతట తానే తెరుచుకొని, పెరుగు గిన్నె నేల మీదికి దూకుతుంది.

ఇది నవ్వుకొని మరచిపోదగిన విషయంగా కనిపించవచ్చును. కాని దీనిలో మూడు నష్టాలున్నవి. మొదటిది, తినే వస్తువు నేలపాలు కావటం. రెండవది, తలుపు వ్రేలెడంత తెరుచుకొని ఎవరికీ కనిపించకపోతే లోపలి చల్లదనం పోయి, సాయంత్రానికి ఆహారం పాడు కావటం. మూడవది అన్నిటికంటె పెద్దది. దొర్లిన సీసా బండి అంతా దొర్లి, నడిపేవాని కాళ్ళ దగ్గర బ్రేకు కిందికి చేరితే, ఇక ఆ బ్రేకు కిందికి దిగదు. అప్పుడు ప్రమాదం పెరుగుకు కాదు, ప్రాణాలకు.

మన పూర్వులు ఈ సమస్యను ఎరుగనివారు కారు. గూడు బండి కట్టుకొని జాతరకు పోయేటప్పుడు పచ్చడి జాడీని ఉత్త మూతతో బండిలో పెట్టిన ఇల్లాలు లేదు. మూత మీద గుడ్డ పరచి, మెడ చుట్టూ దారం బిగించి, వాసెన కట్టేది. చల్లకుండ చుట్టూ గడ్డి కుదురు వేసేది. ఇంటిలో ఉన్నప్పుడు మూత చాలును, బండిలో ఉన్నప్పుడు వాసెన కావలెను అనే తేడా ఆమెకు తెలుసు. ఫ్రిజ్ విషయంలో మనం మరచిపోయినది ఆ తేడానే.

ఫ్రిజ్ తలుపు ఇంత తేలికగా ఎందుకు తెరుచుకుంటుంది? దీనికి వెనుక ఒక విషాద చరిత్ర ఉన్నది. తొలినాటి ఫ్రిజ్‌లకు బయట గట్టి లోహపు గొళ్ళెం ఉండేది. పిడి లాగితే గాని తలుపు వచ్చేది కాదు. లోపలి నుంచి ఎంత తోసినా రాదు. అమెరికాలో పెరటిలో పడవేసిన పాత ఫ్రిజ్‌లలోకి దాగుడుమూతలాడే పిల్లలు దూరటం, తలుపు పడిపోవటం, గాలి అందక లోపలనే ప్రాణాలు విడవటం మళ్ళీ మళ్ళీ జరిగినది. ఆ దుఃఖం ఫలితంగా 1956 ఆగస్టు 2వ తేదీన అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసినది. 1958 అక్టోబరు 30 తరువాత తయారయ్యే ఇంటి ఫ్రిజ్ తలుపు లోపలి నుండి తోస్తే తెరుచుకొని తీరవలెనని దాని సారాంశం. అందుకు కావలసిన తోపు సుమారు 7 కిలోల బరువుకు మించరాదని నియమం పెట్టినారు.

ఆ రోజులలోనే పిల్లల ప్రవర్తనను తెలుసుకొనటానికి ఒక పరిశీలన కూడా జరిగినది. ఫ్రిజ్ వంటి పెట్టెలను ప్రత్యేకంగా చేయించి, రెండు నుండి ఐదేండ్ల వయసు గల 201 మంది పిల్లలను వాటిలో ఉంచి, ఏ ఆపదా రాకుండ కాచుకొని చూచినారు. వారిలో ఇంచుమించు నాలుగవ వంతు మంది బయటికి రావటానికి ప్రయత్నమే చేయలేదు, లేదా ఏదో కొద్దిగా చేసినారు. ఐదేండ్ల పిల్లలలో సగం మంది అరవనైనా అరవలేదు. 'లోపల చిక్కుకుంటే బిడ్డ కేక వేయదా, మనకు వినబడదా' అనుకునే తలిదండ్రులు ఈ సంగతిని బాగా గుర్తుంచుకొనవలెను.

ఈ విధంగా గొళ్ళెం పోయి అయస్కాంతం వచ్చినది. నేటి ఫ్రిజ్ తలుపు అంచున మెత్తని రబ్బరు వంటి పట్టీ ఉంటుంది గదా, దాని కడుపులో అయస్కాంతపు పొడి కలిపిన సన్నని బద్ద చుట్టూ తిరిగి ఉంటుంది. అది పెట్టె అంచున ఉన్న ఇనుప రేకును పట్టుకొని గాలి చొరకుండ మూసి ఉంచుతుంది. వంటింటికి ఇది చక్కని ఏర్పాటు. అయితే అయస్కాంతానికి ఒక స్వభావం ఉన్నది. తాకి ఉన్నంతసేపే దాని పట్టు. వ్రేలెడు దూరం జరిగితే ఆ పట్టు ఇంచుమించు లేనట్లే. కుదుపులో తలుపు ఒక్కసారి విడివడినదా, మళ్ళీ దానంతట అది వచ్చి అతుక్కొనటం అరుదు.

మరి బండిలో తలుపును విడదీసే బలం ఎంత ఉంటుంది? చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, 25 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరిగే బండిలో, ప్రతి వస్తువునూ దాని బరువులో ఐదింట రెండు వంతుల బలం బయటి వైపుకు తోస్తుంది. తలుపు బరువు 5 కిలోలు, తలుపు అరలలోని సీసాల బరువు 10 కిలోలు అనుకుంటే, మొత్తం 15 కిలోల మీద ఆ తోపు 6 కిలోల బరువుకు సమానం. ఆ తోపు తలుపు నడిమి భాగాన పనిచేస్తుంది కాబట్టి, పిడి దగ్గర 3 కిలోల బలంతో లాగినట్లు లెక్క. ఇంటిలో తలుపు తీసేటప్పుడు మన చేయి లాగేది ఇంచుమించు ఆపాటిదే. అంటే, మలుపు మలుపుకూ కనబడని చేయి ఒకటి వచ్చి ఫ్రిజ్ తీస్తున్నదన్న మాట! వేగం రెట్టింపయితే ఆ చేతి బలం నాలుగింతలవుతుంది. దీనికి తోడు అరలలోని గిన్నెలు జరిగివచ్చి తలుపును లోపలి నుండి గుద్దుతవి. లోపలి నుండి తోస్తే తెరుచుకొనవలెనని గదా దానిని తయారు చేసినది! పసిబిడ్డ చేయి ఏది, పుచ్చకాయ ఏది అన్న వివేకం తలుపుకు లేదు.

ఫ్రిజ్‌ను ఏ వైపుకు ముఖం పెట్టి అమర్చినారన్నది కూడా ముఖ్యమే. తలుపు బండి ముందు వైపుకు తెరుచుకునేటట్లు ఉంటే, బ్రేకు వేసినప్పుడెల్లా తెరుచుకొనచూస్తుంది. వెనుక వైపుకు ఉంటే బ్రేకు దానిని ఇంకా గట్టిగా మూస్తుంది. అది మేలు. చాలా బండ్లలో ఫ్రిజ్ పక్క గోడకు ఆనుకొని నడవ వైపుకు చూస్తుంటుంది. ఎడమ గోడకు ఉన్న ఫ్రిజ్‌కు ఎడమ మలుపులు, కుడి గోడకు ఉన్నదానికి కుడి మలుపులు ఆపద తెస్తవి. ఇక్కడ ఒక మెలకువ ఉన్నది. తలుపు మడతబందులు బండి వెనుక వైపు అంచుకు ఉండేటట్లు చూచుకొంటే, తలుపు కొంత తెరుచుకున్నా బ్రేకు పడినప్పుడు అది తిరిగి మూతపడచూస్తుంది. మడతబందులు ముందు అంచుకు ఉంటే అదే బ్రేకు తలుపును బార్లా తెరుస్తుంది. చాలా ఫ్రిజ్‌లలో మడతబందులను ఒక వైపు నుండి రెండవ వైపుకు మార్చుకొనే వీలున్నది. వ్యానును కారవాన్‌గా మార్పించుకొనేవారు వడ్రంగితో పని మొదలుపెట్టించక ముందే ఈ మాట తేల్చుకొనవలెను.

అన్నిటికంటె నిరపాయమైనది మీద మూత గల పెట్టె. మూతను మూసి ఉంచే పని భూమ్యాకర్షణమే చేస్తుంది. చల్లని గాలి బరువైనది కాబట్టి మూత తీసినా అది బావిలో నీరు వలె లోపలనే నిలుస్తుంది. నిలువు తలుపు తీస్తే అదే గాలి పాదాల మీదికి జారిపోతుంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో టీకా మందులు దాచే శీతల పేటికలకు మూత మీద ఉండటానికి ఇదే కారణం. అక్కడి నుండి పల్లెలకు మందు తీసుకొని పోయే ఆరోగ్య కార్యకర్త చేతి పెట్టెను చూడండి. లోపల నాలుగు మంచు పలకలు, నడుమ మందు సీసాలు, మీద బిగువుగా కూర్చునే మూత. ఆ మందు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలెను. 1985 నుండి దేశమంతటా సాగుతున్న సార్వత్రిక టీకా కార్యక్రమం ఆ మూత బిగువు మీద కూడా ఆధారపడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు. మోటారు సైకిలు మీద, ఆటోలో, గతుకుల బాటలో పోయే ఆ చిన్న పెట్టె మనకు మంచి పాఠం చెబుతున్నది.

ఇక నిలువు తలుపు ఉన్నవారు చేయవలసినదేమిటి? కారవాన్ల కోసమే తయారైన ఫ్రిజ్ అయితే దానికి ప్రయాణపు గొళ్ళెం ఉంటుంది. మూసినప్పుడు 'టిక్కు'మనే శబ్దం వినబడిన దాకా నొక్కవలెను. వీటిలో చాలావాటికి గొళ్ళెం రెండు స్థానాలలో నిలుస్తుంది. ఒకటి గట్టిగా మూయటానికి, రెండవది వ్రేలెడు సందు విడిచి నిలపటానికి. ఈ రెండవది ఫ్రిజ్ ఆర్పి బండిని నెలల తరబడి నిలిపి ఉంచినప్పుడు లోపల బూజు పట్టకుండ గాలి ఆడటానికి. ఆ స్థానంలో గొళ్ళెం వేసి, మూసినామనుకొని బయలుదేరటం కద్దు. అద్దెకు బండి తీసుకొనేవారు తాళపుచెవి పుచ్చుకొనక మునుపే ఈ గొళ్ళెం వాడుకను అడిగి తెలుసుకొనవలెను.

ఇంటి ఫ్రిజ్‌నే బండిలో పెట్టినవారికి వేరే కట్టు కావలెను. దీనికి నవారు వంటి బిగువైన నైలాను పట్టీ, దానికొక బకిలీ శ్రేష్ఠం. మనవారు తరచుగా సైకిలు ట్యూబు చుట్టి వదిలిపెడతారు. రబ్బరుకు సాగే గుణం ఉన్నది. కుదుపు వచ్చినప్పుడు అది సాగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, సీసా దూకుతుంది, ఆ తరువాత రబ్బరు మళ్ళీ తలుపును మూస్తుంది! పట్టీ సాగరాదు. అది తలుపుకు నడుమ ఎత్తున, పెట్టె చుట్టూ తిరిగి రావలెను. రెండు తలుపులున్న ఫ్రిజ్‌కు రెండు పట్టీలు కావలెను. పిల్లలు తీయకుండ అతికించే ప్లాస్టిక్ గొళ్ళేలు బజారులో దొరుకుతున్నవి. అతికించే చోట జిడ్డు లేకుండ తుడిచి, ఒక రోజు ఆరనిచ్చి, తరువాతనే వాటిని నమ్మవలెను. ఎండలో నిలిచిన బండి లోపల జిగురు మెత్తబడుతుందన్నది మరువరాదు. మర మేకులు దిగగొట్టి గడియ బిగించటం మాత్రం తెలియనివారు చేయవలసిన పని కాదు. ఫ్రిజ్ గోడలలో చల్లదనం తెచ్చే వాయువు గొట్టాలు దాగి ఉంటవి. ఒక్క రంధ్రం పడితే ఫ్రిజ్ ఆయువు తీరినట్లే.

కట్టు ఎంత గట్టిదైనా సర్దుబాటు సరిగా లేకపోతే లాభం లేదు. బరువైనవి కింది అరలో, వెనుకకు ఆనించి పెట్టవలెను. తలుపు అరలను వీలైనంత తేలికగా ఉంచవలెను. నీళ్ళ సీసాల స్థానం తలుపు కాదు, నేల మీది పెట్టె. గిన్నెల నడుమ ఖాళీలలో చిన్న తువ్వాళ్ళు దూర్చితే అవి కదలవు, మోగవు. పప్పు, పులుసు వంటివి మూత బిగించే టిఫిన్ క్యారియర్‌లోనే ఉంచవలెను. పచ్చడి జాడీకి, మీ నాయనమ్మ కట్టినట్లే, వాసెన కట్టండి. ఫ్రిజ్‌లో ఉన్నంత మాత్రాన దానికి కుదుపు తప్పదు గదా!

బయలుదేరే ముందు తలుపు చూచే బాధ్యత ఒక్కరికే అప్పగించవలెను. అందరి పని అయినది ఎవరి పనీ కాదు. వారు కంటితో చూచి 'సరే' అనరాదు, చేతితో లాగి చూడవలెను. తలుపు అంచు పట్టీ శుభ్రంగా ఉన్నదా, సరిగా అతుకుతున్నదా అన్నది తెలియటానికి ఒక కాగితం ముక్కను నడుమ ఉంచి మూసి, మెల్లగా లాగండి. బిగువుగా వస్తే మంచిదే. జారి వస్తే పట్టీని గోరువెచ్చని నీటితో తుడవండి. అప్పటికీ జారితే మార్పించండి. కొండగట్టు మలుపులు గాని, ఊరి మొదట ఉండే స్పీడు బ్రేకర్లు గాని వచ్చే ముందు ఒకసారి బండి నిలిపి, పట్టీ సడలినదేమో చూచుకొనటం మంచి అలవాటు.

ఇంత చేసినా దారిలో తలుపు తెరుచుకుంటే ఏమి చేయవలెను? నడిపేవారు వెనుకకు తిరిగి చూడరాదు. కూర్చున్నవారు నడిచే బండిలో లేచి మూయబోరాదు. పడిన గిన్నె కన్న పడే మనిషి విలువైనవాడు. చోటు చూచుకొని, పక్కకు తీసి, బండి ఆపి, అప్పుడే లేవవలెను. ముందుగా బ్రేకు దగ్గరకు ఏమైనా దొర్లినదేమో చూడవలెను, తరువాతనే పెరుగు సంగతి. తలుపు ఎంతసేపటి నుండి తెరిచి ఉన్నదో తెలియకపోతే వండిన పదార్థాన్ని ఆశకు పోయి తినరాదు. వండిన ఆహారాన్ని బయటి వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదని, 5 డిగ్రీలకు లోపల దాచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో ఆ రెండు గంటల గడువు కూడా ఎక్కువే.

'మాకు కారవాన్ లేదు, ఈ ప్రసంగం మాకెందుకు' అనే శ్రోతలు ఉండవచ్చును. ముస్తాబాదులో ఇల్లు మారినా, ఆడబిడ్డకు సారె పంపినా, ట్రాలీ ఆటోలో ఫ్రిజ్ ఎక్కక తప్పదు. అప్పుడు అదీ కదిలే ఇంటి ఫ్రిజే. అరలు, గాజు పలకలు తీసి విడిగా చుట్టి పెట్టండి. తలుపుకు సుతిలి తాడు కాక వెడల్పు పట్టీ కట్టండి. తాడు కోసుకొని అంచు పట్టీ చెడుతుంది. ఫ్రిజ్‌ను నిలువుగానే తీసుకొని పోవలెను. తప్పక పడుకోబెట్టవలసి వస్తే, చేరిన తరువాత నిలబెట్టి, కొన్ని గంటలు ఆగి గాని కరెంటు పెట్టరాదు. యంత్రంలోని నూనె తన చోటికి తాను దిగి రావటానికి ఆ వ్యవధి కావలెను.

చివరి మాట ముఖ్యమైనది. ప్రయాణం కోసం మనం కట్టిన పట్టీ, అతికించిన గొళ్ళెం ఏమి చేస్తున్నవి? 1956 నాటి చట్టం తీసివేయించిన పాత గొళ్ళేన్నే అవి తిరిగి తెస్తున్నవి. కట్టు ఉన్నంతసేపు ఆ తలుపు లోపలి నుండి తోస్తే తెరుచుకోదు. బండి నడిచేటప్పుడు పిల్లలు తమ తమ చోట్లలో బెల్టు పెట్టుకొని కూర్చుంటారు కాబట్టి దానివలన భయం లేదు. బండి నిలిచి, పిల్లలు ఆటకు దిగిన క్షణం నుండి భయం ఉన్నది. కావున దిగగానే చేయవలసిన మొదటి పని కట్టు విప్పటం. ఇల్లు మారినవారు కూడా ఫ్రిజ్ దించిన వెంటనే పట్టీ విప్పి, లోపలి అరలు తిరిగి అమర్చవలెను. అరలు లేని ఖాళీ ఫ్రిజ్ పసివానికి బొమ్మరిల్లు వలె కనిపిస్తుంది. పాడైపోయిన ఫ్రిజ్‌ను పెరటిలోనో, మిద్దె మీదనో, పాత సామాను కొట్టు ముందరో పడవేసేటప్పుడు తలుపు ఊడదీసి వేరుగా పెట్టండి. నాలుగు మర మేకులు విప్పే పని అది. ఆ పని చేయటానికి బద్ధకించరాదు.

ఒకే తలుపుకు రెండు ధర్మాలున్నవి. దారిలో ఉన్నప్పుడు ఎంత కుదిపినా తెరుచుకోకుండుట ఒకటి, ఇంటి వద్ద ఉన్నప్పుడు చిన్న చేయి తోసినా తెరుచుకొనుట రెండవది. మొదటిదానికి మన ఆహారం, రెండవదానికి మన బిడ్డలు ఋణపడి ఉన్నారు. బయలుదేరేటప్పుడు కట్టటమెంత అవసరమో చేరిన తరువాత విప్పటమూ అంతే అవసరం.